పేలని అగ్నిపర్వతాలను ఎవరు లెక్కపెడతారు?

2025 జూలై 30 ఉదయం మా ఫ్యామిలీ గ్రూపు నిండా సునామీయే. రష్యా తూర్పు కొసన కమ్చాట్కా తీరంలో 8.8 తీవ్రతతో భూకంపం, జపాన్ నుంచి హవాయి, కాలిఫోర్నియా దాకా హెచ్చరికలు. శాన్ హోసేలో ఉండే మా అక్క కూతురికి పెద్దవాళ్ళంతా వరసబెట్టి ఫోన్లు. "మేం సముద్రానికి దూరంగానే ఉన్నాం" అని చెప్పీ చెప్పీ ఆ పిల్లకు విసుగొచ్చింది. కంగారు తగ్గిందనుకుంటుండగానే ఇంకో వార్త: అదే కమ్చాట్కాలో క్ల్యుచెవ్‌స్కోయ్ అనే అగ్నిపర్వతం లావా కక్కుతోందని. ఆగస్టు 3న క్రషెనిన్నికొవ్ అనే మరో పర్వతం, కొన్ని వందల ఏళ్ళుగా ఉలుకూ పలుకూ లేకుండా పడున్నది, ఆరు కిలోమీటర్ల ఎత్తుకు బూడిద చిమ్మింది. ఇక చూడండి. టీవీల్లో ఎర్రెర్రటి గ్రాఫిక్స్, "రగిలిన అగ్నివలయం" అంటూ స్క్రోలింగులు. మా బాబాయి గ్రూపులో తేల్చి పడేశాడు: "ఒకదాన్నొకటి లేపుతున్నాయిరా. ఇక ఫ్యూజీ వంతు."

బాబాయి మాట పూర్తిగా తప్పయితే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. భూకంపాలకూ అగ్నిపర్వతాలకూ సంబంధం ఉంది. ఎంత ఉంది, ఫలానా పర్వతం విషయంలో ఉందో లేదో ఎలా తేలుస్తారు అనే దగ్గరే చిక్కంతా. దాదాపు రెండు వందల ఏళ్ళుగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతున్నవాళ్ళ లెక్కలు చదివాక నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. పేలిన పర్వతం వైపు ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. భూకంపం వచ్చినా పేలకుండా ఉండిపోయిన పర్వతాలను కూడా జాబితాలో రాసుకుంటేనే దొరుకుతుంది. ఆ రెండో జాబితా మనకు ఏ వార్తలోనూ కనిపించదు.

ముందు గొడవ లేని సంగతి చెప్పేస్తాను. పసిఫిక్ సముద్రపు అడుగున ఉన్న ఫలకం (భూమి పైపొరలో ఒక పెద్ద పలక) ఏడాదికి సుమారు 8 సెంటీమీటర్ల చొప్పున కమ్చాట్కా కిందికి దూరుతోంది. అది నున్నగా జారిపోదు. ఎక్కడో పట్టేస్తుంది, దశాబ్దాల తరబడి ఒత్తిడి పోగవుతుంది, ఒక రోజు ఆ పట్టు తెగిపోతుంది. భూకంపం అంటే అదే. లోపలికి దిగిన ఫలకం సుమారు వంద కిలోమీటర్ల లోతుకు చేరేసరికి దాని ఖనిజాల్లో ఇరుక్కున్న నీరు బయటపడి, పైనున్న వేడి రాతిలోకి చేరుతుంది. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా కరిగిన మాగ్మా లక్షల ఏళ్ళ మీద పైకి వచ్చి అగ్నిపర్వతాలను కడుతుంది. కాబట్టి భూకంపాలూ అగ్నిపర్వతాలూ ఒకే చోట ఉండటంలో వింత లేదు, రెండింటికీ మూలం ఒకటే. వింతంతా అవి ఒకే వారంలో రావడంలో ఉంది. ఫలకం దిగే వేగం దాన్ని వివరించలేదు.

ఈ వింతను మొదట పట్టించుకున్న పెద్దవాళ్ళలో చార్లెస్ డార్విన్ ఒకడు. 1835 ఫిబ్రవరి 20న చిలీలో కన్సెప్సియోన్ నగరం నేలమట్టమైనప్పుడు ఆయన దక్షిణాన వల్దీవియా దగ్గర అడవిలో కాసేపు నడుం వాల్చి ఉన్నాడు. నేల ఊగడం ఒంటికి తెలిసింది. తరవాత కన్సెప్సియోన్ శిథిలాలు చూశాడు. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ కొలిచి చూస్తే దగ్గర్లోని శాంటా మరియా దీవి ఎనిమిది నుంచి పది అడుగులు పైకి లేచింది. ఆ రోజుల్లోనే ఆండీస్‌లో అగ్నిపర్వతాలు రగిలాయని జనం చెప్పుకుంటుంటే డార్విన్ ఆ వివరాలన్నీ పోగేశాడు. 1838లో లండన్ జియలాజికల్ సొసైటీలో చదివిన పత్రంలో నేల లేవడం, కంపించడం, పర్వతాలు పేలడం మూడూ ఒకే శక్తి చేసే పనులని వాదించాడు. భూఫలకాల సిద్ధాంతం రావడానికి ఇంకా 130 ఏళ్ళు ఉంది. నేల కింద కరిగిన రాతి సరస్సు ఒకటుందని ఊహించడం పొరపాటే గానీ, చూపు మాత్రం గొప్పది.

అయితే ఆయన సాక్ష్యాలను దగ్గరగా చూస్తే తేడా కనిపిస్తుంది. ఒసోర్నో అగ్నిపర్వతం రగలడాన్ని డార్విన్ చీలోయే దీవి నుంచి స్వయంగా చూసింది జనవరి 19 రాత్రి. అంటే భూకంపానికి నెల ముందే. మిగతా పర్వతాల సంగతులు చాలావరకు ఎవరో చెప్పగా విన్నవి. పేలని పర్వతాల గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎవరు మాత్రం ఎందుకు చెబుతారు? "మా కొండ ఇవాళ కూడా ఏమీ చేయలేదండీ" అని ఉత్తరం రాసేవాడు ఎక్కడుంటాడు?

1960 మే 22న అదే చిలీలో 9.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. పరికరాలకు అందినవాటిలో ఇప్పటికీ అదే పెద్దది. 38 గంటల తరవాత కోర్డోన్ కౌయే అగ్నిపర్వతం బద్దలైంది. జపాన్‌లో ఇంకా పాత ఉదాహరణ ఉంది: 1707 అక్టోబర్ 28న హోయెయ్ భూకంపం, 49 రోజుల తరవాత డిసెంబర్ 16న ఫ్యూజీ విస్ఫోటనం. మా బాబాయి ఫ్యూజీ పేరెత్తడానికి కారణం ఇదే అయ్యుంటుంది. ఇలాంటి జంటలు నాలుగు చూపిస్తే ఎవరైనా నమ్ముతారు. నేనూ నమ్మేవాణ్ణే. కానీ జంటలు కుదర్చడం ఎంత తేలికో తెలిస్తే ఉత్సాహం కాస్త తగ్గుతుంది.

ఈ లెక్క ఎవరైనా కాగితం మీద చేసుకోవచ్చు. 7 దాటిన భూకంపాలు ప్రపంచంలో ఏటా సగటున 15 దాకా వస్తాయి. అంటే దాదాపు ప్రతి 24 రోజులకు ఒకటి. ఏటా యాభైకి పైగా అగ్నిపర్వతాలు ఏదో ఒక మేరకు రగులుతుంటాయి, ఏ రోజు చూసినా నలభైకి అటూ ఇటూగా చురుగ్గానే ఉంటాయి. కాబట్టి ఏ పర్వతం ఎప్పుడు పేలినా, అంతకుముందు నెలలో ఎక్కడో ఒక పెద్ద భూకంపం చాలావరకు వచ్చే ఉంటుంది. పైగా ఈ రెండూ ఎక్కువగా జరిగేది పసిఫిక్ చుట్టూ ఉన్న 40,000 కిలోమీటర్ల పట్టీలోనే. తేదీలు కలవడానికి సంబంధం అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. క్ల్యుచెవ్‌స్కోయ్ సంగతే చూడండి. అది ఆసియాలో అత్యంత చురుకైన పర్వతాల్లో ఒకటి, 2025 భూకంపానికి ముందు వారాల్లోనే దాని బిలంలో కదలిక మొదలైంది. దాన్ని భూకంపం ఖాతాలో రాయడం అన్యాయం. క్రషెనిన్నికొవ్ వేరు. వందల ఏళ్ళ మౌనం తరవాత నాలుగు రోజుల్లోనే లేవడం అనుమానించాల్సిన సంగతే.

అందుకే తేదీలు చూసి ఆశ్చర్యపోవడం ఆపి, భూకంపం లేకుంటే ఎన్ని పేలేవి, వచ్చాక ఎన్ని పేలాయి అని అడగాలి. 1998లో కార్నెగీ సంస్థకు చెందిన లిండే, శాక్స్ కొన్ని శతాబ్దాల రికార్డులు తీసి ఆ పని చేశారు. 8 దాటిన భూకంపాల తరవాత ఒకటి రెండు రోజుల్లో, 750 కిలోమీటర్ల లోపల, మామూలుగా ఉండాల్సిన దానికంటే ఎక్కువ విస్ఫోటనాలు కనిపించాయని ప్రకటించారు. 2006లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకెల్ మాంగా, ఎమిలీ బ్రాడ్‌స్కీతో కలిసి రాసిన సమీక్షలో దానికి ఒక అంకె ఇచ్చాడు: పేలుడు రకం విస్ఫోటనాల్లో 0.4 శాతం పెద్ద భూకంపం వచ్చిన కొద్ది రోజుల్లోనే జరుగుతున్నాయి, అది యాదృచ్ఛికంగా జరగాల్సిన దానికంటే బాగా ఎక్కువ అని. వెయ్యిలో నాలుగు. చిన్న అంకే గానీ, సున్నా కాదు. పన్నెండేళ్ళపాటు ఈ విషయం మీద ఎవరు రాసినా ఈ అంకెనే చెప్పుకున్నారు.

2018లో ఆ మాంగాయే తెరీసా సావి అనే పరిశోధకురాలితో కలిసి, పెరిగిన రికార్డులతో లెక్క మళ్ళీ వేశాడు. కొద్ది రోజుల్లో పేలడం అనే ప్రభావం లెక్కలో నిలబడలేదు. మిగిలింది వేరే ప్రభావం: పెద్ద భూకంపం తరవాత రెండు నెలల నుంచి రెండేళ్ళ వరకు పేలుడు విస్ఫోటనాలు 5 నుంచి 12 శాతం పెరిగాయి. అంటే ఒక ప్రాంతంలో ఆ వ్యవధిలో పది జరగాల్సి ఉంటే, పదకొండు. తన పేరు మీద ప్రచారంలో ఉన్న అంకెను తనే వెనక్కి లాక్కున్న ఈ పత్రానికి నాకు తెలిసినంతలో ఏ టీవీ ఛానెల్లోనూ చోటు దొరకలేదు. "సైంటిస్టులు మాటలు మారుస్తారు" అని వెక్కిరించేవాళ్ళకు దీన్ని చూపించాలనిపిస్తుంది. మాట మార్చడానికి పన్నెండేళ్ళు జాబితాలు దిద్దుకుంటూ కూర్చోవాలి మరి.

పాత లెక్క ఎందుకు ఎక్కువ చూపించి ఉంటుంది? పాత రికార్డులు రాసింది మనుషులు. ఊరు కూలిన రోజు అందరికీ గుర్తుంటుంది. దూరాన కొండ మీద పొగ ఏ రోజు మొదలైందో గుర్తుండదు. తరవాత ఎవరైనా అడిగితే "ఆ భూకంపం అప్పుడేనండీ" అంటారు. మా ఊళ్ళో ఇప్పటికీ పెళ్ళిళ్ళూ పుట్టుకలూ 1977 దివిసీమ ఉప్పెనకు ముందా తరవాతా అని చెబుతారు. పెద్ద సంఘటన చుట్టుపక్కల తేదీలన్నిటినీ తనవైపు లాక్కుంటుంది.

సరే, అంకె చిన్నదే, కానీ ఉంది. అయితే భూకంపం అగ్నిపర్వతాన్ని ఏం చేస్తుంది? ఇక్కడ రెండు దారులు చెబుతారు. మొదటిది, ఫలకం జారాక చుట్టుపక్కల నేలలో ఒత్తిడి శాశ్వతంగా మారిపోవడం: కొన్ని చోట్ల నేల నొక్కుకుంటుంది, కొన్ని చోట్ల సాగుతుంది. రెండోది, తరంగాలు పోతూ పోతూ మాగ్మానూ వేడినీటి పొరలనూ కుదపడం. అయితే మొదటి రకం మార్పు పర్వతాల కింద తరచూ ఒక బార్, లేదా అంతకన్నా తక్కువ. మన తల మీది గాలి ఒత్తిడే సుమారు ఒక బార్. ఐదు కిలోమీటర్ల లోతున మాగ్మా మీద ఉండే రాతి బరువు దాదాపు 1,300 బార్లు. పదమూడు వందల మీద ఒకటి ఏపాటి? కొమ్మ ఊపితే ముగ్గిన మామిడే రాలుతుంది, పచ్చికాయ రాలదు. భూకంపం చేయగలిగింది ఆ ఊపు వరకే. పర్వతం అప్పటికే ముగ్గి ఉండాలి. అందుకే "భూకంపం లేపిందా" అన్న ప్రశ్న కంటే "భూకంపానికి ముందే అది ఏ దశలో ఉంది" అన్న ప్రశ్న నాకు విలువైనదిగా తోస్తుంది.

పైగా ఆ ఊపు ఎటువైపు పనిచేస్తుందో కూడా ముందే చెప్పలేం. 2011 మార్చి 11న జపాన్‌లో 9.0 తీవ్రత భూకంపం వచ్చినప్పుడు దేశమంతటా 1,200కు పైగా జీపీఎస్ కేంద్రాలు పనిచేస్తున్నాయి. తీరంలో కొన్ని చోట్ల నేల ఐదు మీటర్లకు పైగా తూర్పుకు జరిగింది. పాఠాల ప్రకారం నేల సాగింది కాబట్టి అగ్నిపర్వతాలు తేలికపడి రేగాలి. ఉపగ్రహ రాడార్ చిత్రాలు చూస్తే జరిగింది వేరు: ఈశాన్య జపాన్‌లో జావో, నాసు వంటి అగ్నిపర్వత ప్రాంతాలు 15 సెంటీమీటర్ల దాకా కుంగాయి. 2010లో చిలీలో 8.8 భూకంపం తరవాత కూడా అచ్చంగా ఇలాగే ఐదు అగ్నిపర్వత ప్రాంతాలు కుంగాయి. పర్వతం కిందున్న వేడి, మెత్తటి రాయి సాగి పల్చబడిందని ఒక బృందం, వేడినీరు, ఆవిరి పగుళ్ళలోంచి తప్పించుకున్నాయని ఇంకో బృందం వివరించాయి. ఆవిరి పోవడమే నిజమైతే, భూకంపం ఆ పర్వతాలను లేపకపోగా కొంత చల్లబరిచి ఉండొచ్చు. ఈ రాడార్ పద్ధతిని ఇన్‌సార్ అంటారు. ఉపగ్రహం ఒకే చోటును రెండు తేదీల్లో చూసి, తరంగాల తేడాతో సెంటీమీటర్ల కదలికను పట్టేస్తుంది. పేలని పర్వతం నోరు విప్పేలా చేసింది ఈ పరికరమే అనుకుంటాను. అంతకుముందు పేలకపోవడం అంటే ఖాళీ గడి. ఇప్పుడు ఆ గడిలో కూడా ఒక కొలత ఉంటుంది.

జపాన్‌లో చురుకైనవిగా లెక్కించే పర్వతాలు 110 దాకా ఉన్నాయి. 2011 భూకంపం తరవాత సుమారు ఇరవై పర్వతాల కింద చిన్న చిన్న ప్రకంపనలు పెరిగాయి. మార్చి 15న ఫ్యూజీ పక్కనే 6 దాటిన భూకంపం వచ్చింది. 1707 కథ తెలిసినవాళ్ళందరూ ఊపిరి బిగబట్టారు. ఫ్యూజీ పేలలేదు, ఇప్పటికీ పేలలేదు. మార్చి 13న దక్షిణాన షిన్మొఎదాకె పేలితే ప్రపంచ పత్రికలన్నీ "భూకంపం, సునామీ, ఇప్పుడు అగ్నిపర్వతం" అని రాశాయి. ఆ పర్వతం జనవరి నుంచే పేలుతోందన్న సంగతి చాలామంది పాఠకులకు చేరలేదు. కాలిఫోర్నియాలో 1992 లాండర్స్ భూకంపం ఇంకో సాక్షి: దాని తరంగాలు పోతుండగానే 400 కిలోమీటర్ల అవతల లాంగ్ వ్యాలీలో, 1,250 కిలోమీటర్ల అవతల యెల్లోస్టోన్‌లో చిన్న భూకంపాలు మొదలయ్యాయి. దూరం నుంచి కుదిపే శక్తి ఉందని దానితో రుజువైంది. ఆ రెండు చోట్లా లావా మాత్రం రాలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగా వస్తుంది. ఇంత సన్నటి సంబంధం కోసం ఇన్నేళ్ళు తల బద్దలు కొట్టుకోవడం ఎందుకు, జనానికి పనికొచ్చేది కదా కావాలి? దీనికి పినతూబో కంటే మంచి జవాబు నాకు తెలీదు. ఫిలిప్పీన్స్‌లోని లూజోన్ దీవిలో 1990 జూలై 16న 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అక్కడికి వంద కిలోమీటర్ల దూరంలో, సుమారు 500 ఏళ్ళుగా పేలని పర్వతం పినతూబో. 1991 ఏప్రిల్ 2న దాని వాలు మీద ఆవిరి పేలుళ్ళు మొదలయ్యాయి. భూకంపమే లేపిందా అని అప్పుడు అడిగారు, ఇప్పటికీ తేలలేదు. ఫివోల్క్స్ (అక్కడి అగ్నిపర్వతాల సంస్థ) అధిపతి రైముండో పునోంగ్‌బయాన్, అమెరికా నుంచి వచ్చిన క్రిస్ న్యూహాల్ బృందం ఆ చర్చ తేలేదాకా కూర్చోలేదు. భూకంప నమోదు యంత్రాలు పెట్టారు, గాల్లోకి పోతున్న సల్ఫర్ డయాక్సైడ్ కొలిచారు. మే 13న రోజుకు 500 టన్నులున్నది మే 28కి 5,000 దాటింది. తరవాత ఒక్కసారిగా పడిపోయింది, దారి మూసుకుపోయిందన్న భయం మొదలైంది. జూన్ 15న తుపాను నడుమ పర్వతం బద్దలయ్యేసరికి పదుల వేల మందిని ఖాళీ చేయించారు. కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని అంచనా. కారణం తెలియకుండానే ఇంతమందిని కాపాడగలిగారంటే, చూస్తూ ఉండటం కారణం కనిపెట్టడం కంటే ముందు రావాలి.

కారణం కూడా ఊరికే వదిలేయలేదు. చల్లారిన రాతిలోని స్ఫటికాలు కొంత సాక్ష్యం చెబుతాయి. లోతు నుంచి కొత్త మాగ్మా వచ్చి పాతదానిలో కలిసినప్పుడు, అందులోని స్ఫటికాల అంచున వేరే రసాయన కూర్పుతో కొత్త పొర పేరుకుంటుంది. ఆ అంచు మొదట పదునుగా ఉంటుంది, వేడిలో ఉన్నకొద్దీ ఇనుమూ మెగ్నీషియమూ అటూ ఇటూ పాకి అలుక్కుపోతుంది. ఎంత అలుక్కుపోయిందో సూక్ష్మదర్శినిలో కొలిస్తే, కలయికకూ పేలుడుకూ మధ్య ఎన్ని రోజులు, ఎన్ని నెలలు గడిచాయో చెప్పొచ్చు. పినతూబోలో జూన్ మొదటి వారంలో బయటికి వచ్చిన రాయి అలా కలిసిన రాయే: కింది నుంచి వచ్చిన వేడి బసాల్ట్, పైన నిలవున్న చిక్కటి డాసైట్. ఏదైనా పర్వతంలో ఈ కలయిక భూకంపానికి ముందే జరిగిందని స్ఫటికం చెబితే, భూకంపాన్ని నిర్దోషిగా వదిలేయొచ్చు. తరవాతే అని తేలితే అనుమానం మిగులుతుంది, అంతకు మించి ఏమీ కాదు. క్రషెనిన్నికొవ్ లావా విషయంలో నేను ఎదురుచూసేది ఈ పరీక్ష కోసమే.

దారి రెండువైపులా నడుస్తుందని కూడా చెప్పాలి. ఐస్‌లాండ్ రేక్యనెస్ ద్వీపకల్పంలో ఉత్తర అమెరికా, యురేషియా ఫలకాలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు విడిపోతుంటాయి. 800 ఏళ్ళ తరవాత 2021లో అక్కడ లావా తిరిగి మొదలైంది. 2023 నవంబర్ 10న సుమారు 15 కిలోమీటర్ల పొడవున మాగ్మా గోడలా నేల కిందికి చొచ్చుకొచ్చింది. ఆ చొరబాటే వేల భూకంపాలు పుట్టించింది, గ్రిండవిక్ ఊరిని ఒక్క రాత్రిలో ఖాళీ చేయించారు. అక్కడ ఫలకాల మధ్య చోటు చేస్తున్నది మాగ్మానా, మాగ్మాకు చోటు ఇస్తున్నది ఫలకాలా అని విడదీయడం అనవసరం.

మనకు దగ్గరి కేసు బంగాళాఖాతంలోనే ఉంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా నుంచి అండమాన్ దాకా 1,300 కిలోమీటర్ల పొడవున ఫలకం జారింది. ఆంధ్రా తీరంలోనే వందమందికి పైగా పోయారు. పోర్ట్ బ్లెయిర్ నేల దాదాపు మీటరు కుంగిందని, పక్కకు మీటర్ల లెక్కన జరిగిందని జీపీఎస్‌లో తేలింది. ఆ దీవుల్లో కొలతలు తీసినవాళ్ళలో మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలూ ఉన్నారు. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో బ్యారెన్ ఐలాండ్, దేశంలో ఉన్న ఒకే ఒక్క చురుకైన అగ్నిపర్వతం. 2005 మే చివర్లో, భూకంపం వచ్చిన ఐదు నెలలకు, అది పేలింది. మాంగా, సావి చెప్పిన రెండు నెలలు, రెండేళ్ళ మధ్య అన్న కిటికీలో సరిగ్గా పడుతుంది.

పడుతుంది గానీ, ఆ పర్వతం 1991లో ఒకటిన్నర శతాబ్దాల మౌనం తరవాత లేచింది. 1994, 95లలో మళ్ళీ. అప్పుడు దగ్గర్లో ఇలాంటి మహా భూకంపం ఏదీ లేదు. తరవాత 2017 జనవరిలో గోవాలోని సముద్ర పరిశోధన సంస్థ ఎన్‌ఐఓ పరిశోధన నౌక దగ్గర్లో ఉండగా అది బూడిద చిమ్మింది, 2025 సెప్టెంబర్‌లో మళ్ళీ రగిలింది. నా అంచనా ఇది: 1991 నుంచే తలుపు తెరిచి ఉన్న పర్వతాన్ని 2004 భూకంపం కొంచెం తొందరపెట్టి ఉండొచ్చు. రుజువు చేయలేం. అదే వరసలో ఉత్తరాన ఉన్న నార్కొండాం దీవి పేలలేదు, దాని పేరు ఎవరూ ఎత్తరు. బ్యారెన్ బూడిద గురించి విమానాలకు హెచ్చరికలు పంపే కేంద్రం ఆస్ట్రేలియాలో డార్విన్ అనే ఊళ్ళో ఉంది. ఆ డార్విన్ పేరే. సునామీ హెచ్చరికలు మాత్రం 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తోంది, సముద్రం లేని ఊరి నుంచి.

ఇదే సుమత్రా వరసలో 74,000 ఏళ్ళ కింద పేలిన టోబా బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరొచ్చి నంద్యాల జిల్లా జ్వాలాపురంలో మీటర్ల మందాన పేరుకుంది. ఊరి పేరు చూసి మురిసిపోవద్దు, అది యాదృచ్ఛికమే. తేదీలు కలవడం మీద ఇంత రాశాక ఆ మాట అనకుండా ఉండలేను.

ఇక ఈ ప్రశ్నకు అతి పెద్ద రూపం రాజమండ్రిలో ఉంది. గోదావరికి ఇటు కాతేరు, అటు పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి అక్కడ పుట్టినది కాదు. పడమటి కనుమల దగ్గర పైకొచ్చిన దక్కన్ లావా పాత నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి వచ్చిందని దాని రసాయన కూర్పు చెబుతోంది. మహాబలేశ్వర్ దగ్గరి పొరలతో ఇది సరిపోతుంది. దక్కన్ లావా ఫలకాల అంచున పుట్టలేదు. లోతు నుంచి వచ్చిన వేడి స్తంభం మీదుగా భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ పోయింది, ఆ స్తంభం నేడు రీయూనియన్ దీవి కింద ఉంది. 66 మిలియన్ ఏళ్ళ కింద, ఈ లావా పారుతున్న కాలంలోనే, మెక్సికోలో ఉల్క పడింది. 2015లో బర్క్‌లీకి చెందిన మార్క్ రిచర్డ్స్ బృందం ఒక ప్రతిపాదన చేసింది: ఆ దెబ్బ 11 తీవ్రతకు చేరే కుదుపునిచ్చింది, అప్పటికే పారుతున్న దక్కన్ లావాను అది ఉధృతం చేసింది, పెద్ద ప్రవాహాలన్నీ దాని తరవాతివే అని. ఆ పత్రం రచయితల్లో మాంగా కూడా ఉన్నాడు.

పేలని పర్వతాలను ఇక్కడ లెక్కపెట్టలేం. ఉన్నది ఒక్క ఉదాహరణ, ఒక్క ఉల్క. కాబట్టి తేదీ తప్ప ఆధారం లేదు. 2019లో రెండు బృందాలు ఒకేసారి తేదీలు ప్రకటించాయి. కోర్ట్నీ స్ప్రెయిన్ బృందం లావాలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానికి ఆర్గాన్ పద్ధతిలో వయసు కట్టి, ముప్పావు వంతు లావా ఉల్క తరవాతిదే అంది. ప్రిన్స్‌టన్‌లో బ్లెయిర్ షోన్ బృందం ప్రవాహాల మధ్య ఎర్రమట్టి పొరల్లో చిక్కిన జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలకు యురేనియం-సీసం పద్ధతిలో వయసు కట్టి, ఉల్కకు పదుల వేల ఏళ్ళ ముందే ఒక పెద్ద ఉధృతి మొదలైందని చెప్పింది. ఉల్క పడిన క్షణం ఆ లావా పొరల గుట్టలో ఏ పొర దగ్గర వస్తుందన్నదే తగాదా. నేను షోన్ వైపు కొంచెం మొగ్గుతాను, యురేనియం-సీసం గడియారం ఆర్గాన్ కంటే కాస్త కచ్చితంగా నడుస్తుంది కాబట్టి. కానీ జిర్కాన్‌లు లావాలో పుట్టినవి కావు, మధ్యలో రాలిన వేరే బూడిదలోవి. ఆ బూడిద పడినప్పటి వయసూ జిర్కాన్ పుట్టిన వయసూ ఒకటే అని ఒప్పుకుంటేనే ఆ తేదీ నిలుస్తుంది. బసాల్ట్‌లో సొంత జిర్కాన్‌లు దాదాపు దొరకవు గనక, ఒకే ప్రవాహానికి రెండు పద్ధతుల్లోనూ వయసు కట్టి ఈ తగాదా తీర్చడం తేలిక కాదు.